పెదనాయన తెచ్చిన జపాన్ పడవ పటం: చెక్క అచ్చా, ప్రెస్సు అచ్చా? మళ్లీ పటం కట్టించొచ్చా?

అల్లూరు అమ్మాయి:

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పొడుగైంది, ఓపిక చేసుకుని చదవండి.

అల్లూరులో మా పాత ఇంట్లో రేడియో గూటికి పైన ఒక పటం ఉండేది. దేవుడి పటం కాదు, ఫోటో కాదు. మేమంతా పడవ పటం అనేవాళ్లం. మా పెదనాయన సరుకు ఓడల్లో ఇంజను రూములో పనిచేసేవాడు. నేను పుట్టకముందు, 1950ల చివర్లో, జపాన్ పోయి వస్తూ అవ్వకు ఒక గొడుగు, ఇంటికి ఈ పటం తెచ్చాడంట. గొడుగు ఊచలు కూడా మిగల్లేదు. పటం మాత్రం అరవై ఏళ్లు దాటినా అదే మేకుకి ఉంది. పండక్కి సున్నాలేసేటప్పుడు దించడం, పైపైన తుడిచి మళ్లీ తగిలించడం, అంతే.

బొమ్మ వరకు స్కేలుతో కొలిస్తే 24 సెంటీమీటర్లు అడ్డం, 16 నిలువు. సాయంత్రం వేళ, అలల్లేని నీళ్లు. ఎడమ పక్క నీళ్ల మీదికి వంగిన చెట్టు, చూడ్డానికి మన సరుగుడులాగా ఉంటుంది గానీ కాదు. దాని వెనక రెండు పూరిళ్లు. ఒకదాని కిటికీలో మాత్రం పసుపు, గోరంత. మధ్యలో తెరచాప సగం దించిన పడవ, అందులో మనకు వీపు పెట్టి నిలబడిన ఒక మనిషి. పడవ నీడ నీళ్లలో పడి మన వైపుకు వస్తుంది. పైన ఆకాశం మాత్రం ముదురు నీలం పట్టీ, కిందికొచ్చే కొద్దీ పలచనై పలచనై ఎక్కడ తెల్లకాగితం అయిందో కనిపెట్టలేం. చిన్నప్పుడు స్టూలెక్కి ఆ చోటు వేలితో వెతికేదాన్ని, అద్దం మీద జిడ్డు చేస్తున్నానని దెబ్బలు తినేదాన్ని.

నాకు అది మన బకింగ్‌హాం కాలవే. ఇసకపల్లి దారిలో కాలవ దగ్గర నిలబడితే సరిగ్గా అలాగే ఉండేది. పడవలో ఉన్నది ఎవరని అడిగితే అమ్మ "మీ పెదనాయనే, ఇంటికొస్తున్నాడు" అనేది. నేను హైస్కూలుకొచ్చిందాకా నమ్మాను.

2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకి గోడ చెమ్మ పట్టి మేకు ఊడొచ్చింది. పటం కిందపడి అద్దం పగిలింది. కుడి పక్క కింది మూల బొటనవేలంత తడిసి, ఆరాక టీ మరకలాగా అంచు కట్టింది. అమ్మ అప్పటికింకా ఉంది. మంచం మీద నుంచే "పడవకేం కాలేదు గదా" అని అడిగింది. పడవకేం కాలేదు.

అమ్మ పోయాక పటం నెల్లూరులో నా దగ్గరికొచ్చింది. పోయిన వారం ఒక పటాల షాపుకి తీసుకుపోయాను. పటం ఇప్పటికీ పాత అట్టకి అంటుకునే ఉంది, వెనకంతా బ్రౌన్ పేపరు. షాపాయన చూసీ చూడంగానే కట్టర్ తీశాడు. "అంచులు నలిగాయి మేడం, చుట్టూ అర అంగుళం అట్టతో సహా కోసేసి, హార్డ్‌బోర్డుకి అంటించి లామినేషన్ చేసిస్తా, జన్మలో ఏమీ కాదు" అన్నాడు. ఎందుకో మనసొప్పలేదు. పాలిథీన్ కవర్లో చుట్టుకుని తెచ్చేసుకున్నా, బీరువాలో పెట్టా.

ఇక మా తమ్ముడు. హైదరాబాదులో ఉంటాడు. ఫోటో పంపితే ఎక్కడో చూసి, జపాన్ చెక్క అచ్చు బొమ్మలు లక్షలు పలుకుతాయంట, అమ్మేసి చెరిసగం తీసుకుందాం అంటున్నాడు.

ఇది చేత్తో అచ్చు వేసిందా, ప్రెస్సులో కొట్టిన క్యాలెండర్ బొమ్మా? ఆ మరకకి ఏమన్నా చేయొచ్చా? గోడకి మళ్లీ ఎలా పెట్టాలి? ధర సంగతి తెలిసినవాళ్లు అదీ చెప్పండి, తమ్ముడికి ఏదో ఒకటి చెప్పాలి గదా.

చీమకుర్తి రాయి:

లామినేషన్ చేయించండి మేడం, 250 అవుద్ది. మా నాన్న ఎస్సెస్సీ సర్టిఫికెట్ చేయించా, గ్రానైట్ పలకలాగా ఉంది. దీనికింత టెన్షన్ ఎందుకు?

పటాల పంతులు:

రాయి గారూ, సర్టిఫికెట్ వేరు, ఇది వేరు. చదవడానికి పనికొస్తే చాలు సర్టిఫికెట్.

అక్కా, ముందు ఆ పాలిథీన్ కవరు తీసేయండి. ఈ పోస్టు చదవడం ఆపి తీసి రండి. ఒకసారి తడిసిన కాగితం, మన గాలిలో చెమ్మ, పైన ప్లాస్టిక్కు. ఇంకో నెల అలాగే ఉంటే బూజు చుక్కలు లేస్తాయి. రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి, బల్ల మీద పరిచినట్టు ఉంచండి. కలరా ఉండలు దాని మీద పెట్టొద్దు.

నేను ఒంగోల్లో పటాలు కట్టబట్టి ఇరవై ఆరేళ్లు. నూటికి తొంభై దేవుళ్లు, పెళ్లి ఫోటోలు, పోయినవాళ్ల ఫోటోలు. ఇట్లాంటివి ఏడాదికి ఒకటో రెండో వస్తాయి. వచ్చినప్పుడే భయం. లామినేషన్ అంటే వేడి పెట్టి జిగురు ప్లాస్టిక్కుని కాగితంలోకి కరిగించడం. మళ్లీ ఊడదీసేది ఉండదు. ఊడితే రంగుతో సహా ఊడుతుంది. హార్డ్‌బోర్డు, మామూలు అట్ట, రెండిట్లోనూ ఆమ్లం ఉంటుంది, ఏళ్ల తరబడి తగిలి కాగితాన్ని గోధుమ రంగుకి తిప్పి పెళుసు చేస్తుంది. మీ పాత అట్ట అదే పని చేస్తుండాలి.

తడిగుడ్డ అసలు తగిలించొద్దు. కొత్తలో ఒక పెద్దాయన నీటిరంగుల బొమ్మ తెస్తే అద్దం తుడిచిన గుడ్డతోనే ఈగ మరక తుడిచాను. మరకతో పాటు ఒక ఆవు కాలు పోయింది. ఆయన ఏమీ అనలేదు, డబ్బులు కూడా ఇచ్చి పోయాడు. అది ఇంకా బాధ.

ఆ మరక తీసే పని మనది కాదు, షాపులది కూడా కాదు. కాగితం బాగుచేసే చదువు చదివినవాళ్లు ఉంటారు, మ్యూజియంలలో. వాళ్లతో అయితే అయింది, లేకపోతే మరకను మరకలాగా ఉండనివ్వండి.

ముందు చేయాల్సింది వెనక బ్రౌన్ పేపరు విప్పడం. పొడి చేత్తో, అట్ట వైపు లాగుతూ, బొమ్మ వైపు కాదు. ఎక్కడన్నా పట్టేసిందంటే ఆపేయండి. లోపల ఏముందో చూసి చెప్తే ఫ్రేము సంగతి మాట్లాడుకుందాం.

కావలి టు టోక్యో:

అక్కా, నాది కావలి. పదకొండేళ్లుగా టోక్యో దగ్గర ఉంటున్నా. పని సాఫ్ట్‌వేరే గానీ, ఆదివారాలు జింబోచోకి పోతుంటా. పాత పుస్తకాల షాపుల పేట అది. అచ్చు బొమ్మలు అమ్మే షాపులు కూడా ఉంటాయి. కొనేది తక్కువ, చూసేది ఎక్కువ. అందుకని నేను నిపుణుణ్ణి కాదు, పిచ్చి ఉన్నవాణ్ణి.

చేతి అచ్చా, ప్రెస్సా అనేది ఇంట్లోనే తేల్చొచ్చు. భూతద్దం తీసుకోండి, నగల షాపువాళ్లది అయితే ఇంకా మంచిది. ఆకాశం నీలం పలచబడే చోటు చూడండి. మీరు చిన్నప్పుడు వేలు పెట్టిన చోటే. ప్రెస్సు అచ్చయితే అక్కడ రంగురంగుల చుక్కలు కనిపిస్తాయి, న్యూస్‌పేపర్ ఫోటోలోలాగా. చేతి అచ్చయితే చుక్కలుండవు, రంగు కాగితం పోగుల్లోకి ఇంకి ఉంటుంది. తర్వాత వెనక చూడండి. రంగులు వెనక్కి దిగి ఉండాలి, అద్దంలో చూసినట్టు తిరగేసిన బొమ్మ పలచగా కనపడాలి. పక్కవాటంగా లైటు పెడితే గుండ్రంగా రుద్దిన గీతలు కూడా దొరకొచ్చు.

ఆ గీతలు ఎందుకంటే, ఇందులో ప్రెస్సు ఉండదు. మన పెడన కలంకారీలో అచ్చుని చేత్తో పట్టుకుని బట్ట మీద పెట్టి కొడతారు. ఇక్కడ తిరగేసి. అచ్చు నేల మీద ఉంటుంది, దానికి కుంచెతో రంగు, కాస్త బియ్యప్పిండి జిగురు పట్టించి, తడి చేసిన కాగితాన్ని దాని మీద వాలుస్తారు. పైనుంచి బారెన్ అనే బిళ్లతో రుద్దుతారు. అరచేతిలో పట్టే గుండ్రటి బిళ్ల, లోపల తాడు చుట్ట, పైన వెదురు పొర తొడుగు. రంగుకొక అచ్చు. కాగితం ప్రతిసారీ అదే చోట పడాలి గదా, అందుకు ప్రతి అచ్చుకీ ఒక మూల ఎల్ ఆకారంలో గాడి, అదే అంచున ఇంకాస్త దూరంలో ఒక అడ్డ గాడి చెక్కుతారు. కాగితం మూల ఆ గాడిలో ఆనించి వదలడమే. వెంట్రుకంత జరిగినా పడవ ఒక చోట, పడవ రంగు ఒక చోట పడుతుంది.

ఇంక మీ నీలం పట్టీ. దాన్ని బొకాషి అంటారు. అచ్చు మీద అంత పలచదనం చెక్కలేరు. అచ్చంతా చదునుగానే ఉంటుంది. ఒక పక్క నీళ్లు, ఒక పక్క రంగు పట్టించి కుంచెతో కలిపి, ఆరిపోయే లోపు కాగితం వేసి రుద్దుతారు. రెండో కాగితానికి మళ్లీ మొదటి నుంచి. అందుకని ఒకే అచ్చు నుంచి వచ్చిన రెండు కాగితాల్లో ఆకాశం ఒకేలా ఉండదు. మీ పెదనాయన కొన్న ఆ ఆకాశం మీ ఇంట్లో మాత్రమే ఉంది.

ఆ నీలం కూడా చాలామటుకు ప్రష్యన్ బ్లూ అయ్యుండొచ్చు. బెర్లిన్‌లో పుట్టిన రంగు, జపాన్‌లో 1830 ప్రాంతంలో చవకై అందరి చేతికీ వచ్చింది. అంతకుముందు నీలిమందు, ఒక పువ్వు రసం వాడేవాళ్లు. పువ్వు నీలం చెమ్మకి, ఎండకి ఆగదు. కొత్త నీలం వచ్చాకే హొకుసాయ్, హిరోషిగే అనే పెద్ద చిత్రకారులు ఇద్దరూ నీళ్లు, ఆకాశం అంత ధైర్యంగా వేశారు.

కానీ మీది వాళ్ల కాలంది కాదు. హిరోషిగే 1858లోనే పోయాడు. మీరు చెప్పిన పడవ, సాయంత్రం, కిటికీలో దీపం ఇవన్నీ షిన్ హంగా అని 20వ శతాబ్దపు పద్ధతి. మాటకి అర్థం కొత్త అచ్చులు అనే. వతనబే షొజబురో అనే ప్రచురణకర్త దీన్ని నిలబెట్టాడు. వెంకటగిరి చీర చూడండి, డిజైను ఒకరు, అద్దకం ఒకరు, నేత ఒకరు, డబ్బు పెట్టి నడిపించేది మాస్టర్ వీవర్. ఇక్కడా అంతే: బొమ్మ గీసేవాడు, చెక్కేవాడు, అచ్చు వేసేవాడు, వాళ్లని నడిపే ప్రచురణకర్త. ఆయన దగ్గర ఎక్కువ వేసింది కవసె హసుయి. ఊళ్లు తిరిగి, వాన, మంచు, సాయంత్రం గీసుకొచ్చేవాడు. 1923 సెప్టెంబరు 1న వచ్చిన పెద్ద భూకంపంలో ఆయన స్కెచ్ పుస్తకాలు, వతనబే అచ్చులు అన్నీ కాలిపోయాయి. మళ్లీ ఊళ్లు పట్టుకుని తిరిగాడు.

ఇంకొకాయన యొషిద హిరోషి. నాకు ఆయనంటే ఎక్కువ ఇష్టం, పక్షపాతం అనుకోండి. 1926లో తెరచాప పడవల బొమ్మ ఒకటి వేశాడు. అవే అచ్చులు, రంగులు మాత్రం మార్చి, పొద్దున, పొద్దెక్కాక, మధ్యాహ్నం, పొగమంచు, సాయంత్రం, రాత్రి అని ఆరు రకాలుగా తీశాడు. పడవలు కదల్లేదు, పొద్దు కదిలింది. 1930-31లో మన దేశం కూడా వచ్చి తాజ్‌మహల్, కాశీ, ఉదయపూర్, కాంచన్‌జంగ వేసుకుపోయాడు. తన కళ్ల ముందు అచ్చు వేయించిన వాటికి అంచులో "జిజురి" అని ముద్ర ఉంటుంది.

అంచు అన్నాను చూశారా, అసలు విషయం అక్కడే ఉంది. సంతకం బొమ్మలో ఉంటుంది గానీ, పేరు, ఏడాది, ప్రచురణకర్త ముద్ర చాలాసార్లు బొమ్మ బయట తెల్ల అంచులోనే ఉంటాయి. మీరు అంచు గురించి ఏమీ రాయలేదు. ఆ షాపాయన ఇప్పటికే కోసేశాడా?

ఇంకో ముక్క, సంబంధం లేకపోయినా చెప్పకుండా ఉండలేను. 1790ల్లో ఉతమారో, షరాకు వేసిన ముఖాల బొమ్మల్లో, ముఖం చుట్టూ ఉన్న ఖాళీ చోటు వెండిలాగా మెరుస్తుంది. అది వెండి కాదు, అభ్రకం పొడి. మ్యూజియంలో మొదటిసారి చూసినప్పుడు నాకు గూడూరు మైకా గుర్తొచ్చింది.

ఉదయగిరి గరిటె:

మాది ఉదయగిరిలో చెక్క గరిటెలు, స్పూన్లు చేసే ఇల్లు. జపాన్ సంగతి నాకు తెలియదు గానీ చెక్క తెలుసు. అక్కా, నీళ్లు ఉన్న చోట, ఆకాశం ఉన్న చోట దగ్గరగా చూడండి, సన్న చారలు ఒకే దిక్కుగా పోతున్నాయా? పోతుంటే అది చెక్క చార. పలకని ఎంత నున్నగా చిత్రిక పట్టినా తడి తగిలితే చార లేస్తుంది, దాని మీద రంగేసి రుద్దితే కాగితం పట్టుకుంటుంది. గీసిన గీత అయితే అన్నీ సమంగా ఉంటాయి. చెట్టుది అయితే ఒకచోట దగ్గరికొచ్చి, కణుపు దగ్గర పక్కకి తప్పుకుంటాయి.

కావలన్నా, వాళ్లు ఏ చెక్క వాడతారు?

కావలి టు టోక్యో:

అడవి చెర్రీ. గట్టిది, చార సన్నం, సన్నటి గీత చెక్కినా విరగదు. వేల కాగితాలు లాగినా అంచు అరగడం తక్కువ. నువ్వు చెప్పింది నిజమే, కొంతమంది ఆ చారని కావాలనే కనపడనిస్తారు, నీళ్ల కోసం. అది నేను రాయడం మర్చిపోయా.

అల్లూరు అమ్మాయి:

పంతులు తమ్ముడూ, కవరు ఆ రాత్రే తీసేశా. నిన్న ఆదివారం, మధ్యాహ్నం అన్నం తిన్నాక, ఫ్యానాపి, తలుపేసుకుని కూర్చున్నా. రెండు గంటలు పట్టింది.

బ్రౌన్ పేపరు కింద రామబాణం పురుగులు రెండు పరిగెత్తాయి. అట్ట గోధుమ రంగుకి తిరిగి, వేలితో నొక్కితే బిస్కెట్టులాగా విరుగుతోంది. అంటించిన జిగురు ఎండి పొడి పొడిగా రాలింది. అందువల్లే బతికిపోయాననుకుంటా, బొమ్మ ఎక్కడా చిరగలేదు.

కావలి అబ్బాయ్, విను. అంచు కోయలేదు. అంచు లేదు అనుకున్నది నా పొరపాటు. మా నాయన కాలంలో పటం కట్టినాయన అంచుల్ని నాలుగు వైపులా అట్ట వెనక్కి మడిచి అంటించాడు, దుప్పటి పరుపు కిందికి దోపినట్టు. మడత తీస్తే చుట్టూ రెండు వేళ్ల వెడల్పు తెల్ల కాగితం. ఇన్నేళ్లు వెలుతురు తగల్లేదు గదా, అది చూశాక అర్థమైంది, బొమ్మలో నేను తెలుపు అనుకున్నది తెలుపు కాదని. తెరచాప ఇప్పుడు మజ్జిగలో పసుపు కలిపినట్టుంది, అంచు కొత్త పంచెలాగా ఉంది. ఆ షాపులో అర అంగుళం అట్టతో సహా కోసుంటే మడతలతో సహా పోయేది. తల్చుకుంటే కడుపులో తిప్పింది.

చుక్కలు లేవు. తెలిసిన నగల షాపు నుంచి భూతద్దం తెచ్చుకుని చూశా, నీలం కాగితం పోగుల్లో ఇంకి ఉంది. వెనక పడవ తిరగబడి కనపడుతోంది, ఇప్పుడు కుడి నుంచి ఎడమకి పోతోంది. టార్చి పక్కకి పెడితే ఆకాశం వెనక గుండ్రటి గీతలు, పెనం మీద గరిటెతో దోశె తిప్పినట్టు. ఉదయగిరి అబ్బాయ్, నువ్వు చెప్పిన చార నీళ్లలో ఉంది. ఒకచోట కంటి ఆకారంలో పక్కకి తప్పుకుంది. నేను అది అల అనుకునేదాన్ని.

మెరుపు కోసం అటూ ఇటూ వంచి చూశా, లేదు. కానీ మైకా మాట చదివి చాలాసేపు ఊరికే కూర్చున్నా. మా అమ్మమ్మది సైదాపురం వైపు. మైకా షెడ్డులో రేకులు చీల్చేది. సాయంత్రం ఇంటికొచ్చి దీపం ముందు కూర్చుంటే ముంజేతులు మెరిసేవి, సబ్బుకి కూడా పోయేది కాదు. అది ఎక్కడికి పోతుందో, ఎవరు ఏం చేస్తారో ఆమెకి తెలియదు.

ఇప్పుడు ఎడమ అంచు. నిలువుగా అక్షరాలు రెండు వరసలు. ఫోటో పెట్టా, మసగ్గా వచ్చింది, అందుకని రాస్తున్నా. మొదటి వరసలో పెద్ద అక్షరాలు రెండు, చాలా గీతలతో, ఒకదానికొకటి పోలిక ఉంది, తర్వాత ఒకటి. ఆ మూడోదానికి ఎడమ పక్క మూడు చిన్న చుక్కల్లాంటి గీతలు. రెండో వరస సన్నం: రెండు అక్షరాలు తెలియడం లేదు, తర్వాత రెండు అడ్డగీతలు, దాని కింద ప్లస్ గుర్తు, దాని కింద అడ్డగీత కోసిన ఎల్ లాంటిది, ఒక పెద్ద అక్షరం, తర్వాత పూరింటి కప్పులాగా రెండు వాలు గీతలు, చివర చిన్న నిచ్చెన.

వెనక, అంచు మీద, పెన్సిల్‌తో తెలుగులో ఉంది. "కోబే 300". చేతిరాత పెదనాయనదే, ఆయన బ అట్లాగే రాస్తాడు. ఈ 300 ఏంది?

కావలి టు టోక్యో:

అక్కా, మీరు అక్షరాలు అలా వర్ణిస్తుంటే ఫోటోతో పని లేకుండా పోయింది.

నిచ్చెన అంటే నెల. పూరింటి కప్పు ఎనిమిది. ఎనిమిదో నెల, ఆగస్టు. రెండు అడ్డగీతలు రెండు, ప్లస్ గుర్తు పది, కోసిన ఎల్ ఏడు. రెండు పదులు ఏడు, ఇరవై ఏడు. మీకు తెలియని ఆ రెండు అక్షరాలు షోవా, అప్పటి చక్రవర్తి కాలం పేరు. షోవా ఏడాదికి 1925 కలిపితే మన లెక్క వస్తుంది. 1952 ఆగస్టు.

అది బొమ్మ తయారైన ఏడాది. అచ్చులు ఉన్నంతకాలం కాగితాలు తీస్తూనే ఉంటారు కాబట్టి, మీ కాగితం అప్పటిదీ కావచ్చు, పెదనాయన కొన్న నాటికి కొత్తగా తీసిందీ కావచ్చు.

పైన మూడో అక్షరం, మూడు చుక్కలది, సరస్సు. ఆ మూడు చుక్కలు నీళ్లకి గుర్తు, నీళ్లకి సంబంధించిన చాలా మాటల్లో ఎడమ పక్క అవే ఉంటాయి. మొదటి రెండు ఫోటోలో కష్టపడి చదివా, బివా. బివా సరస్సు. జపాన్‌లో అన్నిటికన్నా పెద్దది, దాదాపు 670 చదరపు కిలోమీటర్లు, క్యోటో పక్కన. బివా అంటే మన వీణ జాతి వాయిద్యం, సరస్సుకి ఆ ఆకారం ఉందని ఆ పేరు. కోబే అక్కడికి దూరం కాదు, అందుకే ఆ రేవులో అమ్మకానికి పెట్టి ఉంటారు. ఈ సరస్సు చుట్టూ ఎనిమిది దృశ్యాలని పాత కాలం నుంచి లెక్క ఉంది. కరసకి దగ్గర పైన్ చెట్టు మీద రాత్రి వాన, యబసె దగ్గర ఇంటికి మళ్లిన తెరచాపలు, అలా. హిరోషిగే కూడా ఆ ఎనిమిదీ వేశాడు. మీ బొమ్మలో పైన్ చెట్టు, తిరిగొచ్చే పడవ రెండూ ఉన్నాయి.

అవునక్కా, యబసె దృశ్యం పేరే తిరిగొచ్చే తెరచాపలు. మీ అమ్మగారు తప్పేం చెప్పలేదు.

సంతకం, కింద ఎర్ర చదరపు ముద్ర ఎవరివో నాకు అంతుపట్టలేదు. హసుయి కాదు, యొషిద కాదు, జిజురి ముద్ర లేదు. యుద్ధం తర్వాత విదేశీయులకి, ఓడలవాళ్లకి అమ్మడానికి ఇలాంటి చిన్న సైజువి చాలా తీశారు. పనితనం మాత్రం అదే, అదే చెర్రీ, అదే బారెన్.

ఇంక 300. యెన్లు. అప్పట్లో డాలరుకి 360 యెన్లని కట్టేసి ఉంచారు, 1949 నుంచి 1971 దాకా. మన రూపాయి లెక్కలో డాలరు 4.76. అంటే పెదనాయన ఇచ్చింది దాదాపు 4 రూపాయలు. ఇప్పుడు, మడత, మరక, వెలిసిన తెలుపు, పేరు తెలియని చిత్రకారుడు, అన్నీ కలిపితే లక్షల మాట మర్చిపోమని మీ తమ్ముడికి చెప్పండి. వేలంలో లక్షలు పలికేవి వేరే.

పటాల పంతులు:

అయితే ఇప్పుడు నా వంతు. అక్కా, మడతల్ని ఇస్త్రీ చేయొద్దు, మీరు చేస్తారని నాకు అనుమానం. తెల్ల కాగితాల మధ్య పెట్టి పైన నాలుగు లావు పుస్తకాలు, రెండు వారాలు. మడత గీత పోదు, చదును అవుతుంది, చాలు.

మౌంట్ బోర్డు, అంటే బొమ్మకి వెనక, చుట్టూ పెట్టే అట్ట, ఆమ్లం లేనిది అడగండి. యాసిడ్-ఫ్రీ అంటే తెలుస్తుంది. నాకు చెన్నై నుంచి తెప్పించుకోవాలి, నెల్లూరుకి ఇంకా దగ్గరే. బొమ్మని బోర్డుకి మొత్తం అంటించకూడదు. పై అంచు వెనక రెండే చోట్ల, సన్నటి పలచ కాగితం ముక్కలతో కీలుల్లాగా పట్టించి వేలాడదీయాలి. జిగురు ఫెవికాల్ కాదు, సెల్లో టేపు అసలు కాదు, పిండి గంజి. గోధుమ గంజి గానీ బియ్యం గంజి గానీ, చిక్కగా ఉడికించి వడకట్టింది. అది తర్వాత ఎవరన్నా తడి తగిలించి తీయాలన్నా వస్తుంది. రెండు చుక్కలే పెట్టండి. గంజి ఎక్కువైతే మీ రామబాణం పురుగులకి విందు.

ముందు వైపు కిటికీ కోసిన మౌంటు వేస్తే అద్దం బొమ్మకి తగలదు. తగిలిందంటే మన చెమ్మకి అద్దానికే అంటుకుపోతుంది. ఆ కిటికీని బొమ్మ చుట్టూ ఉన్న తెల్ల అంచు కూడా కనపడేంత వెడల్పుగా కోయించండి. మా పని అంచు దాచడం అని నేను ఇన్నేళ్లు అనుకున్నా, మీ పోస్టు చదివాక రెండు పాత పటాలు గుర్తొచ్చి నిద్ర పట్టలేదు.

వాన కొట్టే గోడకి పెట్టొద్దు. కిటికీకి ఎదురుగా వద్దు. ఫ్రేము వెనక నాలుగు మూలలా బిరడా ముక్కలు అంటిస్తే గోడకి, పటానికి మధ్య గాలి ఆడుతుంది.

చీమకుర్తి రాయి:

మేడం సారీ. నా 250 వెనక్కి తీసుకుంటున్నా. మా నాన్న సర్టిఫికెట్ సంగతి మాత్రం ఇప్పుడు భయమేస్తోంది.

అల్లూరు అమ్మాయి:

రాయి అబ్బాయ్, సర్టిఫికెట్ చదవడానికి వస్తోంది గదా, పడుకో.

పంతులు తమ్ముడూ, ఇస్త్రీ పెట్టె నిజంగానే బయటకి తీశాను. మళ్లీ లోపల పెట్టా. బొమ్మ ఇప్పుడు నాలుగు లావు నిఘంటువుల కింద ఉంది. బోర్డు చెన్నైలో ఉన్న మా పిన్ని కొడుక్కి చెప్పా, వచ్చే శనివారం రైల్లో తెస్తానన్నాడు. గంజి నేనే కాస్తా, మన మొలగొలుకుల బియ్యంతో. అంతకన్నా జపాన్ వాళ్లు కూడా ఏమీ అనరు.

తమ్ముడికి లెక్క మొత్తం చదివి వినిపించా, డాలరు, 360 యెన్లు, 4.76, అన్నీ. కాసేపు మాట్లాడలేదు. "నాలుగు రూపాయలా" అన్నాడు. చెరిసగం అన్నది తనే గదా, ఫోన్‌పేలో 2 రూపాయలు పంపించా. తీసుకున్నాడు. ఇంతలోనే మెసేజి పెట్టాడు, పడవ వెనక నుంచి తీసిన ఫోటో ఉంటే పంపించమని, ఆ తిరగేసిన పడవది.